ఎంత బిగిస్తే బిగువు?

సార్వా పనులు అందుకున్నాక జంగారెడ్డిగూడెం చుట్టుపక్కల మెకానిక్కు దొరకడమంటే, మాఘమాసం ముహూర్తాల్లో పురోహితుడు దొరకడమే. ఫోను చేస్తే ఎత్తుతాడు. మర్యాదగానే మాట్లాడతాడు. ‘‘రేపొచ్చేస్తానండి’’ అంటాడు. ఆ రేపు ఒక్కోసారి నాలుగు రోజులకి తెల్లారుతుంది. ఈలోగా దమ్ము చేసే అదును దాటిపోతుంది, నారు ముదిరిపోతుంది. పక్క చేలో ట్రాక్టరు తిరుగుతున్న చప్పుడు వింటూ, ఆగిపోయిన తన ట్రాక్టరు పక్కన చేతులు కట్టుకుని కూర్చోవడం ఏ రైతు వల్లా కాదు. అందుకే ఈ ఊళ్లలో రైతు సగం మెకానిక్కు. గడ్డపారా కొడవలీ ఎక్కడుంటాయో, పానాల సంచీ కూడా అక్కడే ఉంటుంది. (పట్నంలో స్పానర్ అనేదాన్ని ఇక్కడ పానా అంటారు. పాతికేళ్లు ఇంజను పని చేసిన చేతికి ఆ మాటే తేలిక.)

అవసరం అలాంటిది. గోదావరి పక్కనే ఉన్నా ఇది మెట్ట. 1852 నాటికి ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా ఊళ్లకి కాలువ నీళ్లు వాటంతటవే నడిచొచ్చాయి. మెట్టకి మాత్రం భూమిలోంచి తోడుకోవలసిందే. కరెంటు అంతంతమాత్రంగా ఉన్న రోజుల్లో ఆ పని చేసింది ఆయిలు ఇంజను. 1930 ప్రాంతంలో ఇంగ్లండులో లిస్టర్ కంపెనీవాళ్లు తయారుచేసిన ఒక ఇంజను నమూనాని గుజరాత్‌లోని రాజ్‌కోట్ వర్క్‌షాపులవాళ్లు పట్టుకుని, దేశమంతా దాన్నే పోతపోసి పంపారు. అయిదు గుర్రాల బలం, నిమిషానికి 600 చుట్లు. నింపాదిగా డుగ్గు డుగ్గుమంటూ తెల్లవార్లూ తిరిగేది. దాని చప్పుడు ఆగితే నిద్రలో ఉన్నవాడికి మెలకువ వచ్చేది. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చాక ఆ ఇంజన్లు షెడ్డు మూలకి చేరాయి. పాత ఇనుము వాళ్లకి పోయినవి పోగా, కొన్ని ఇంకా బస్తా సంచులు కప్పుకుని ఉన్నాయి. ఇంజను పోయినా పని పోలేదు. ట్రాక్టరు వచ్చింది, రోటవేటరు వచ్చింది, మందు కొట్టే పవర్ స్ప్రేయరు వచ్చింది, ప్రతి ఇంట్లో రెండు మోటారు సైకిళ్లు వచ్చాయి. అన్నీ బోల్టుల మీద నిలబడ్డవే.

ఇంజను విప్పడం ఎవరికైనా వస్తుంది. మళ్లీ బిగించడంలోనే ఉంది చిక్కంతా. ఏ భాగం ఎక్కడ పెట్టాలో గుర్తుండకపోవడం కాదు, దానికి ఇప్పుడు సెల్‌ఫోన్లో ఫొటో తీసుకుంటున్నారు. ఎంత బిగించాలన్నదే ఫొటోలో పడదు. పని నేర్చుకునే కుర్రాడికి మేస్త్రి చెప్పే మొదటి మాట, ‘‘గట్టిగా బిగించరా, అన్నం తిన్లేదేంటి?’’ రెండో మాట, ‘‘అంత గట్టిగా కాదురా, తెగ్గొడతావా ఏంటి?’’ ఈ రెండు మాటల మధ్య ఉన్న చోటేదో తెలియడానికి కుర్రాడికి మూడు నాలుగేళ్లు పడుతుంది, కొన్ని మొట్టికాయలు కూడా పడతాయి.

ఆ చోటేదో తెలియాలంటే బోల్టు లోపల జరిగేది తెలియాలి. చాలామంది బోల్టు మేకులాంటిది అనుకుంటారు, కదలకుండా గుచ్చుకుని ఉంటే చాలనుకుంటారు. నిజానికి అది తాడులాంటిది. ఎడ్లబండి మీద గడ్డి వేసి మోకు బిగించి కడతారే, అలాంటిది. మోకు సాగి, వెనక్కి రావాలని చూస్తూ ఉంటుంది. ఆ లాగుడే గడ్డిమోపుల్ని పట్టుకుంటుంది. వదులైతే బండి గతుకులో దిగగానే మోపు జారుతుంది. మరీ లాగితే మోకు తెగుతుంది. తెగేదాకా లాగకూడదని పెద్దలు ఎందుకన్నారో గానీ బోల్టుకి మాత్రం అక్షరాలా అదే. బిగించినప్పుడు ఇనుము సాగుతుంది. పది సెంటీమీటర్ల పొడవున్న బోల్టును సరిగ్గా బిగిస్తే అది సాగేది మిల్లీమీటరులో అయిదో వంతు. కంటికి ఆనదు. కానీ ఆ కాస్త సాగుడే రెండు ముక్కల్ని కలిపి నొక్కి ఉంచుతుంది.

ఆ నొక్కుడు ఎంతో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. మంచి బోల్టు తల మీద 8.8 అని అచ్చు ఉంటుంది. మొదటి 8కి అర్థం, దాని ఒక్కో చదరపు మిల్లీమీటరూ దాదాపు 80 కేజీల లాగుడు దాకా తెగదని. చుక్క తర్వాత 8కి అర్థం, ఆ బలంలో 80 శాతం దాటితే సాగిన బోల్టు మళ్లీ వెనక్కి రాదని. పది మిల్లీమీటర్ల బోల్టుకి ఈ లెక్క కడితే అది తెగడానికి నాలుగున్నర టన్నుల పైన కావాలి. సరిగ్గా బిగిస్తే దాని మీద ఉండేది దాదాపు రెండున్నర టన్నులు. చిటికెన వేలంత లావులో ఒక చిన్న లారీని వేలాడదీసినంత బరువు! ఇక హార్డ్‌వేరు షాపులో కేజీల లెక్కన తూచి ఇచ్చే, తల మీద ఏ అంకె లేని బోల్టుకి ఇంత మోసే శక్తి ఉంటుందన్న భరోసా లేదు. రోటవేటరు బ్లేడుకి అలాంటిది వేస్తే ఎకరం తిరక్కుండానే సగం బ్లేడు చేలోనే మిగిలిపోతుంది.

మరి పానా పట్టుకున్న చేతికి ఈ లాగుడు ఎలా తెలుస్తుంది? నేరుగా తెలియదు. అసలు తిరకాసు ఇక్కడే. చెయ్యి పెట్టే వంద పాళ్ల బలంలో ఇంచుమించు 50 పాళ్లు బోల్టు తల కింద రాపిడికే పోతుంది. ఇంకో 40 పాళ్లు మరల మధ్య రాపిడికి పోతుంది. మిగిలిన 10 పాళ్లే బోల్టును సాగదీస్తుంది. అంటే చెయ్యి కొలుస్తున్నది ఎక్కువగా రాపిడినే. మర తుప్పు పట్టి ఉంటే రాపిడి పెరిగి, బోల్టు బిగియకుండానే చేతికి బిగిసినట్టనిపిస్తుంది. మరకి నూనె రాస్తే అదే బలానికి బోల్టు ఎక్కువ సాగిపోతుంది. ‘పట్టకుండా ఉంటుంది’ అని ప్రతి మరకీ గ్రీజు పూసి, పొడి మరకి రాసిన అంకె దాకా బిగించేవాళ్లు తెలియకుండానే బోల్టును తెగే దగ్గరికి తీసుకెళుతుంటారు. అడుగు మూసి ఉన్న కన్నంలో నూనో నీళ్లో మిగిలిపోతే ఇంకో రకం మోసం. బోల్టు దిగి ఆ నీటిని నొక్కుతుంది, చేతికి గట్టిగా తగులుతుంది, హెడ్డు మాత్రం వదులుగానే ఉంటుంది. ఒక్కోసారి పోత ఇనుము పగులుతుంది కూడా. హెడ్డు పెట్టేముందు కన్నాల్లో గుడ్డ పీలిక దూర్చి తుడిచే ఓపిక ఉన్నవాడు మంచి మెకానిక్కు. ఆ ఓపిక ఎందరికుందో ఎవరికివారే చూసుకోవాలి.

పానా చేసినవాడు ఈ సంగతి కొంత ఆలోచించాడు. పదో నంబరు పానా జానెడు కన్నా పొట్టిగా ఉంటుంది, పంతొమ్మిదో నంబరుది మూరెడులో సగం దాటి ఉంటుంది. పానా పొడుగులోనే బిగించాల్సిన బలం సగం లెక్కకట్టి పెట్టారు. అయినా చేతికి ఒక జబ్బుంది. పదో నంబరు పానా పట్టే 6 మిల్లీమీటర్ల బోల్టుకి కావలసింది దాదాపు 10 న్యూటన్ మీటర్లే, అంటే జానెడు లోపు పానా చివర ఏడెనిమిది కేజీల లాగుడు. మణికట్టుతోనే అయిపోయే పని. కానీ జబ్బ బలం అంతా అలవాటుగా దాని మీదికి వెళుతుంది. పంతొమ్మిదో నంబరు పట్టే 12 మిల్లీమీటర్ల బోల్టుకి 80 నుంచి 85 కావాలి. అంటే 35 కేజీల పైనే లాగాలి. సగం లాగేసరికే చెయ్యి ‘ఇక చాలు’ అంటుంది. అందుకే ఇళ్లలో చేసుకున్న రిపేర్లలో చిన్న బోల్టులు తెగి కనపడతాయి, పెద్ద బోల్టులు వదులై కనపడతాయి. మోటారు సైకిలు నూనె మార్చినప్పుడు కింది ప్లగ్గు మర పోగొట్టుకోని వీధి ఉండదేమో! ఆ ప్లగ్గు ఇనుముది, అది దిగే గుల్ల అల్యూమినియంది. నూనె కారకూడదని ఇంకో పావు చుట్టు తిప్పుతారు. పోయేది ప్లగ్గు మర కాదు, ఇంజను మర. ఇక టర్నింగు షాపుకి పరుగు. అక్కడ కొత్తగా ట్యాపు కొట్టి, ఉక్కు తీగ చుట్టలాంటి మర దింపి, ప్లగ్గు ఖరీదుకి పదింతలు పుచ్చుకుంటారు. పాపం, వాళ్లనీ అనడానికి లేదు. తెగిన బోల్టు ముక్క మీద నట్టు వెల్డింగు పెట్టి, ఎర్రగా ఉండగానే మెల్లమెల్లగా వెనక్కి తిప్పి బయటికి తీయడం చూసినవాళ్లకి ఆ డబ్బు ఎక్కువనిపించదు.

ఇదంతా పుస్తకాల లెక్క. జంగారెడ్డిగూడెానికి కొన్ని మైళ్ల దూరంలో, పొగాకు బ్యారన్లున్న ఒక పల్లెలో ఒక పెద్దాయనకి పుస్తకం అక్కర్లేకుండానే ఇది తెలుసు. ముప్పయ్యేళ్ల పాటు ఆయిలు ఇంజనుతో కాపురం చేసిన మనిషి. తన ఇంజనే కాదు, వీధి వీధంతా ఇంజన్లు ఆయనే విప్పి బిగించేవాడు. ఎవరి దగ్గరా పైసా పుచ్చుకునేవాడు కాదు. టీ మాత్రం తాగేవాడు. ‘‘బాబాయ్, ఒకసారొచ్చి చూద్దురూ’’ అంటే భోజనం మధ్యలోంచి లేచి వెళ్లేవాడని ఆయన భార్య ఇప్పటికీ సాధిస్తుంటుంది.

బోల్టు బిగించేటప్పుడు ఆయన మాట్లాడడు, ఎవర్నీ మాట్లాడనివ్వడు. ముందు వేళ్లతో తిప్పుతాడు. వేళ్లతో సాఫీగా దిగని బోల్టుకి పానా పెట్టనే పెట్టడు, తీసి మర చూస్తాడు. ఆ తర్వాత ఎదురెదురు బోల్టులు, ఒకసారి కొంచెం, రెండోసారి ఇంకొంచెం, మూడోసారి పూర్తిగా. ఒకే మూల బిగించుకుంటూ పోతే హెడ్డు ఆ మూలకి కుంగి, అవతలి మూల గ్యాస్కెట్టు పట్టు తప్పుతుంది. మూడు సిలిండర్ల ట్రాక్టరు హెడ్డయితే నడిమి నుంచి చివరలకి వస్తాడు, దుప్పటి పరిచేటప్పుడు మధ్యలోంచి అంచులకి చేత్తో సర్దినట్టు. చివరి లాగుడులో ఆయన వెతికేది ఒకటుంది. బోల్టు బిగుస్తూ బిగుస్తూ ఎదురుతిరుగుతుంది. ఆ ఎదురు తిరగడం పెరుగుతున్నంతసేపూ బోల్టు ఆరోగ్యంగా ఉన్నట్టే. ఎక్కడో ఒకచోట ఎదురు ఆగిపోయి, పానా ఉత్తినే కదిలినట్టు మెత్తగా తగిలితే పని అయిపోయినట్టు. అది బిగువు కాదు, ఇనుము సాగిపోవడం. అలాంటి బోల్టును ఆయన క్షణం ఆలోచించకుండా విప్పి అవతల పారేస్తాడు. ఎంత కొత్తదైనా సరే.

కొడుకు డిప్లమా చదివి చెన్నై వైపు ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. అక్కడ బోల్టు బిగించేది మనిషే గానీ ఎంత అన్నది యంత్రం చెబుతుంది. అంకె వచ్చాక పచ్చ దీపం వెలుగుతుంది. పండక్కి వచ్చినప్పుడు ఈ సంగతి చెబితే తండ్రి నవ్వాడు. ‘‘అయితే నీ చేతికి పనేంట్రా?’’ అన్నాడు.

ఆ సార్వాలో ట్రాక్టరు హెడ్డు గ్యాస్కెట్టు పోయింది. మెకానిక్కు ‘రేపు’ అన్నాడు. పెద్దాయనే విప్పాడు. కొత్త గ్యాస్కెట్టు తెచ్చి వేసి, తన పద్ధతిలో తనే బిగించాడు. మూడు రోజులు దమ్ము చేశాక నాలుగో రోజు పొద్దున గేజీ పుల్ల పైకి తీస్తే నూనె ఇంజను నూనెలా లేదు, పాలెక్కువ పోసిన టీలా ఉంది. నీళ్లు కలిశాయన్నమాట. గ్యాస్కెట్టు మళ్లీ పోయింది. ఆయన చేసిన పని మళ్లీ చేయాల్సి రావడం ఆ ఊళ్లో ఎవరూ ఎరగరు. గ్యాస్కెట్టు నకిలీదన్నాడు ఒకడు. హెడ్డు వంగి ఉంటుందన్నాడు ఇంకొకడు. పెద్దాయన ఏమీ అనలేదు. ఆ మధ్యాహ్నం అన్నం సగంలో లేచిపోయాడు. ఈసారి ఎవరూ పిలవకుండానే!

సెలవు పెట్టి కొడుకు వచ్చాడు. వస్తూ వస్తూ విజయవాడ ఆటోనగర్‌లో దిగి ఒక టార్కు రెంచి కొనుక్కొచ్చాడు. అది మూరెడు పైన పొడవున్న పానా. పిడి తిప్పి కావలసిన అంకె పెట్టుకోవచ్చు. ఆ బలం రాగానే టిక్కుమని చేతిలో చిన్నగా విరుగుతుంది, అక్కడితో ఆపెయ్యాలి. హెడ్డు విప్పకముందే కొడుకు ఒక పని చేశాడు. పుస్తకంలో రాసిన అంకె పెట్టి, బిగించే వైపే ఒక్కో బోల్టునీ లాగి చూశాడు. బోల్టు కదలకుండా టిక్కుమంటే అది సరిపడా బిగిసి ఉన్నట్టు. టిక్కు రాకముందే కదిలితే వదులన్నమాట. పది బోల్టుల్లో ఎనిమిది కదిలాయి.

ఆ సాయంత్రం షెడ్డులో బెంచీ వైసుకి ఒక మందపాటి పలక బిగించి, దాంట్లో 12 మిల్లీమీటర్ల కొత్త బోల్టు పెట్టి ‘‘నాన్నా, ఓసారి నీ చేత్తో బిగించు’’ అన్నాడు కొడుకు. ఆయనకి విషయం అర్థమైంది. అయినా పానా తీసుకున్నాడు. ఎప్పట్లానే నిశ్శబ్దంగా లాగాడు, ‘‘ఊఁ’’ అన్నాడు. కొడుకు రెంచిని 40కి పెట్టి లాగాడు. టిక్కుమంది, నట్టు కదల్లేదు. 50కి పెట్టాడు, టిక్కుమంది. 60కి పెడితే టిక్కు రాకుండానే నట్టు కదిలింది. కావలసింది 80. ఇంకో బోల్టు వేశారు. మళ్లీ అంతే. మూడోది వేశారు, నాలుగోది వేశారు. ప్రతిసారీ 50కీ 60కీ మధ్యే. గడియారం కొట్టినట్టు ఒక్క తీరు!

కొడుకుని ఆశ్చర్యపరిచింది తక్కువ రావడం కాదు, నాలుగుసార్లూ ఒకేలా రావడం. చెయ్యి లెక్క తప్పలేదు. లెక్క కట్టే కొలత మారింది. డెబ్బై దాటిన జబ్బకి 35 కేజీలు లాగితే ఎంత కష్టమనిపిస్తుందో, నలభయ్యేళ్ల వయసులో 50 కేజీలు లాగితే అంత అనిపించేది. ఆయన చెయ్యి గుర్తుపెట్టుకున్నది బోల్టు బిగువుని కాదు, తన శ్రమని. బోల్టుకి మాత్రం శ్రమతో పనిలేదు. కళ్లజోడు అవసరమైనప్పుడు అక్షరాలు మసకబారి చెబుతాయి. చేతికి అలా చెప్పేవాళ్లెవరూ లేరు. ఎన్నాళ్ల నుంచి ఇలా తగ్గుతూ వచ్చిందో, ఈ మధ్య వీధిలో ఎవరెవరి బోల్టులు ఆయన బిగించాడో... ఆ లెక్కే పెద్దాయనని తొలిచింది. ‘‘మొన్న ఎదురింటోళ్ల ట్రాలీ చక్రం నట్లు నేనే బిగించానురా’’ అన్నాడు. అన్నవాడు ఆగలేదు. టార్చిలైటు, రెంచి పట్టుకుని చీకట్లోనే వెళ్లి నాలుగు చక్రాలూ చూసి వచ్చారు తండ్రీ కొడుకులు. రెండు చక్రాల నట్లు కొంచెం దిగాయి.

ఆ రాత్రి వాకిట్లో మంచం మీద కూర్చుని ఆయన అడిగిన ప్రశ్న మాత్రం ఆయన అడగాల్సిందే. ‘‘నా చెయ్యి నువ్వు చూశావు, బానే ఉంది. మరి దీని చెయ్యి ఎవరు చూశార్రా?’’ అని రెంచిని చూపించాడు.

కొడుకు ఒప్పుకున్నాడు. రెంచి కూడా కొలిచేది రాపిడితో కలిసిన బలాన్నే. మరలో మట్టి ఉంటే దానికీ తెలియదు. ఇంజినీర్లు వాడుకునే పట్టికల్లో అనుభవమున్న చెయ్యి పెట్టే బిగువులో 35 శాతం దాకా అటూఇటూ తేడా ఉండొచ్చని రాస్తారు. టార్కు రెంచితో బిగిస్తే ఆ తేడా 25 శాతం. అంతే! రెంచి లోపలి స్ప్రింగు అలిసిపోకుండా పని అయ్యాక అంకె తగ్గించి పెట్టాలి, బోల్టు విప్పడానికి దాన్ని వాడకూడదు. ప్రమాణాల ప్రకారం ఏడాదికో, 5,000 సార్లు వాడాకో సరిచూపించాలి. కొత్త కార్లలోనైతే కొన్ని హెడ్డు బోల్టులకి రెంచి అంకె కొంత దూరమే. ఆ తర్వాత ‘ఇంకో 90 డిగ్రీలు తిప్పు’ అని కోణం చెబుతారు. రాపిడి ఎంతున్నా మర తిరిగిన మేరకు బోల్టు సాగక తప్పదు కాబట్టి అది ఇంకొంచెం నమ్మకం. అలాంటి బోల్టుల్ని చాలావాటిని విప్పితే మళ్లీ వాడరు.

ఫ్యాక్టరీలో శిక్షణప్పుడు చెప్పిన ఒక విమానం సంగతి కూడా చెప్పాడు కొడుకు. 1990 జూన్ 10న ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌కి వెళుతున్న విమానం 17,000 అడుగులు దాటాక పైలట్ ముందున్న అద్దం ఊడి ఎగిరిపోయింది. కెప్టెన్ నడుము దాకా బయటికి లాక్కుపోబడ్డాడు. సిబ్బంది ఆయన కాళ్లు పట్టుకుని వేలాడుతుంటే, పక్కనున్న పైలట్ సౌతాంప్టన్‌లో దించాడు. కెప్టెన్ బతికాడు, ఎవరూ పోలేదు. అంతకుముందు రోజు ఆ అద్దం మార్చారు. 90 బోల్టుల్లో 84 ఉండాల్సిన దానికన్నా ఒక మిల్లీమీటరు కూడా కాదు, అరకొంచెం సన్నవి. పాత బోల్టు పక్కన పెట్టి కంటితో సరిచూసి తెచ్చిన బోల్టులవి. బిగించింది ఉత్త చేత్తో కాదు, బలం చూసి టిక్కుమనే పరికరంతోనే. పరికరం టిక్కుమన్నదేదో, సన్న బోల్టు మర జారిన కుదుపేదో ఆ రాత్రి బిగించిన చేతికి తేడా పట్టలేదు.

‘‘నాకైతే తెలిసేది’’ అన్నాడు పెద్దాయన. గొప్పకి కాదు, నిజంగానే అన్నాడు. వేళ్లతో తిప్పేటప్పుడే తెలిసేదని ఆయన నమ్మకం. కొడుకు కాదనలేదు.

తెల్లారేసరికి ఆయన బ్యారన్ దగ్గర్నుంచి 20 కేజీల తూకపు గుండు మోసుకొచ్చాడు. వైసులో బోల్టు పెట్టించి, దాని తల అడ్డంగా ఉండేలా తిప్పించి, రెంచిని నేలకి సమానంగా తగిలించమన్నాడు. టేపు పెట్టి బోల్టు నడిమి నుంచి పిడి మీద 40 సెంటీమీటర్లు కొలిచి సుద్దముక్కతో గీత గీశాడు. ఆ గీత దగ్గర తాడుతో గుండు వేలాడదీశాడు. లెక్క కొడుకే చెప్పాడు. 20 కేజీలు, 40 సెంటీమీటర్లు, అంటే 8 కేజీ మీటర్లు. న్యూటన్ మీటర్లలో 78 చిల్లర. రెంచి సొంత బరువు కూడా కాస్త కిందికి లాగుతుంది కాబట్టి 80 దాటుతుంది. రెంచిని 75కి పెడితే గుండు వదలగానే టిక్కుమంది. 80కి పెడితే ఒక క్షణం ఆగి, టిక్కుమంది. 85కి పెడితే గుండు ఊగుతూ ఉండిపోయింది, చప్పుడు లేదు. పెద్దాయన చుట్టూ తిరిగి చూశాడు. ‘‘పర్లేదు, తూకం బాగుంది’’ అన్నాడు, పొగాకు వేలంలో కాటా చూసినట్టు. టార్కు రెంచి లేని ఇంట్లో కూడా ఈ కిటుకు పనికొస్తుంది. మామూలు పానాకి చివర స్ప్రింగు కాటా కొక్కెం తగిలించి, బోల్టు నుంచి కొక్కేనికి ఉన్న దూరం కొలుచుకుని, పానాకి నిలువుగా లాగితే చాలు. 25 సెంటీమీటర్ల దగ్గర 20 కేజీలు లాగితే 5 కేజీ మీటర్లు, అంటే పది మిల్లీమీటర్ల మంచి బోల్టుకి సరిపడా.

అయితే ఆయన అక్కడితో ఆగలేదు. తన పాత పంతొమ్మిదో నంబరు రింగు పానా తీసి వైసులో బోల్టు మీద పెట్టాడు. చేతులు చాలవని ఈసారి నిలబడే తీరు మార్చాడు. ఎడమకాలు ముందుకి, పానాని తన వైపుకి, ఒంటి బరువుతో. ‘‘చూడు’’ అన్నాడు. 70. మళ్లీ లాగాడు. 75. పిడికిలి చివరికి జరిపాడు. 80 దగ్గర టిక్కుమంది, నట్టు కదల్లేదు. ఇంకో పదిసార్లు అదే బలాన్ని అలవాటు చేసుకున్నాడు. రెండుసార్లు దాటిపోయి 90కి వెళితే తనే తల అడ్డంగా ఊపాడు. చెమటలు పట్టాయి. కాఫీ తెచ్చిన భార్య ‘‘ఈ వయసులో మళ్లీ బళ్లో చేరారా ఏంటండీ?’’ అంటే గ్లాసు అందుకున్నాడు గానీ సమాధానం చెప్పలేదు.

మధ్యాహ్నానికి హెడ్డు మళ్లీ ఎక్కింది. కన్నాలు గుడ్డతో తుడిచారు. ఇనుప బద్ద నిలువుగా ఆనించి హెడ్డు వంగలేదని చూసుకున్నారు. గ్యాస్కెట్టు కొత్తది. సగం బోల్టులు తండ్రి తన పానాతో బిగించాడు, సగం కొడుకు రెంచితో. ట్రాక్టరు మర్నాడు చేలో దిగింది. రెండు రోజులు దమ్ము చేసి వచ్చాక, ఇంజను చల్లారనిచ్చి, పుస్తకంలో చెప్పినట్టే మళ్లీ ఒకసారి బోల్టులన్నీ సరిచూశారు. కొడుకు రెంచి పట్టుకున్నాడు. తండ్రి పక్కనే నిలబడి లెక్కపెట్టాడు. తొమ్మిది టిక్కుమన్నాయి. ఒకటి వెంట్రుకవాసి కదిలింది.

‘‘ఏదిరా కదిలింది?’’

‘‘రేడియేటర్ వైపు మూడోది.’’

‘‘దాన్ని బిగించింది నువ్వే’’ అన్నాడు పెద్దాయన.